మోచెయ్యి తగిలితే చాలు

అవ్వకు దండాలు. ఇక్కడ అందరం క్షేమం.

"గ్లాసెడు నీళ్లకు గూడ ఒకర్ని పిల్వాలెనా" అని నొచ్చుకుని నువ్వు చెల్లె యమున ఇంటికి వెళ్లిపోయావు. నొప్పితో నల్లా తిప్పలేని నీ మణికట్టుకు శ్రమ లేకుండా, మోచెయ్యి తగిలితే తెరుచుకునే నల్లాను వంటింట్లో బిగించాను. నీ కోడలు రమ అలవాటు కొద్దీ నీళ్లు రాకముందే దాన్ని తెరిచి, కింద బిందె పెట్టి కూరగాయలకు వెళ్లింది. కాసేపటికి అది తనంతట తానే మూసుకుంది. నీళ్లు వచ్చి పోయాయి, బిందె నిండలేదు. "మీ నల్లా నీళ్లకన్న ముందే డ్యూటీ దిగింది గదనే!" అని పక్కింటి సదయ్య కాక ఒకటే నవ్వు. అందుకని ఎప్పుడు తెరిచినా నీళ్లు వచ్చేలా మిద్దె మీద ట్యాంకు కూడా పెట్టించాను.

చేతికి నూనె రాస్తున్నారా? నేల నుంచి నీ మోచెయ్యి ఎంత ఎత్తో యమునతో కొలిపించి రాయించు, నల్లాను అంతకే దించుతాను. యమున పిల్లలకు నా దీవెనలు.

కొలత పంపి, వెనకే నువ్వూ రా. ఇక మమ్మల్ని ముచ్చట్లకే పిలుద్దువు.

నీ కొడుకు
శివ, గోదావరిఖని