రెండు మళ్ళ చోడి

కార్తిక శుద్ధ దశమి, రాత్రి

కోత దినమంటే భూమి మనకు బదులు చెప్పే దినము. అందుచేత ఈనాడు నాకు పర్వమే.

మా అబ్బాయి సూరి, కోడలు గౌరి ఈ యేడు చేనును చెరిసగం చేసుకున్నారు. చోడి, అంటే రాగిలో నాటుదీ, కొత్త రకమూ రెండింటినీ తన సగంలో వాడు యూరియాతో, తన సగంలో ఆమె పశువుల పేడ గత్తంతో పండించారు. ఎవరి పంట మేలైతే వచ్చే యేడు చేనంతా వారి పద్ధతే.

సూరి మడిలో నాటు చోడి ఏపుగా ఎదిగి, మొన్నటి గాలికి నేలవాలింది; గౌరి మడిలోది నిలిచింది.

“ఏటయ్యా, నీ సేను నాకు సాష్టాంగం పెడతన్నాది!” అని గౌరి పకపకా నవ్వింది.

“ఒసే, కొత్త రకం కంకులు సూడు. నీ మడిలో ఇందులో సగం నేదు.”

అదీ నిజమే. గౌరి ముఖం చిన్నబోయింది. వాడు, “సర్లే, నాటు సోడంతా నీ గత్తంతోనే ఏసీ. కొత్తది నాకొదిలీ,” అన్నాడు.

“మావయ్యా, ఇన్నావు కదా! నువ్వే సాచ్చికం,” అంది గౌరి.

విన్నాను, మురిశాను. అయితే రెండు మళ్ళ మధ్యనున్నది ఒక్క గట్టే. వానకు ఆ యూరియా నీరు గౌరి మడిలోకి ఊరి, ఆ మన్ను సారమూ తీయదా? ఏమో...

ఈ ఇంట పుట్టబోయే పసివారలారా, మీ ఆకలికి అన్నమును, మీ చేతికి సారము చెడని మన్నును దక్కుగాక.