నా తమ్ముని ముగ్గురు పిల్లలను చూపించుమని

తేది: 17-8-1988

శ్రీయుత డివిజన్ అధికారి గారి సముఖమునకు, సిద్దిపేట.

అర్జీదారు: మల్లమ్మ, వయస్సు 46 సం., వృత్తి బీడీలు చుట్టుట, వేములఘాట్ గ్రామం, తొగుట మండలం.

అయ్యా,

విషయం: పెండ్లి కాని నా తమ్ముడు దుబ్బయ్యకు ముగ్గురు పిల్లలున్నారని రాసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన దానిపై విచారణ కోరుట గురించి.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నాకు చదువు రాదు. కచేరి ముంగట మేజా వేసుకొని అర్జీలు రాసే వెంకటనర్సయ్య సారుతోని రాయిస్తున్న. చెప్పింది చెప్పినట్టు రాయాలె, ఒక్క మాట మింగినా ఊకోనని ముందుగాల్నే ఒట్టు పెట్టించుకున్న.

1. సదరు దుబ్బయ్య, వయస్సు 34 సంవత్సరములు, నా తోడబుట్టినవాడు. పుట్టుకతోనే మతి ఎదగనివాడై యున్నాడు. అంటే ఒంటికి పెద్దోడు, బుద్ధికి నాలుగేండ్ల పోరడు. అంగీ గుండీలు ఇప్పటికీ నేనే పెట్టాలె. మా అవ్వ పాణం పోయేటప్పుడు వాని చెయ్యి నా చేతుల పెట్టిపోయింది. పెండ్లి చెయ్యలేదు. పెండ్లంటే వానికి లడ్డు తప్ప ఇంకోటి ఎరుక లేదు.

2. వానికి జీపంటే పిచ్చి. రోడ్డు మీద ఏ సర్కారు జీపు పోయినా మేకలను ఇడిసిపెట్టి ఉరికి సలాం కొట్టేటోడు. గత మార్చి నెలలో, సర్కారు నౌకరి చేయు ఉప్పలయ్య అనునతనికి ఆపరేషన్ కేసు ఒకటి తక్కువ పడినది. నెలాఖరులోగా కేసులు పూర్తి కాకపోతే పైఅధికారులు చీవాట్లు పెడతారట. నేను బీడీలు అప్పజెప్పుటకు కార్ఖానకు పోయిన సమయమున, సదరు ఉప్పలయ్య మా వాకిట్లకు జీపు తెచ్చి "ఎక్కుతవారా దుబ్బిగా" అన్నడు. ఎక్కకుంటడా? పక్కింటి అజీజున్నీసా "అరే, మల్లమ్మ ఇంట్ల లేదు, గా భోళా పోరన్ని ఎటు తీస్కపోతున్నవ్" అని ఒర్రుకుంట జీపు ఎన్క ఉరికింది. "సిద్దిపేట చూపిచ్చి తెస్త" అన్నడట.

3. పొద్దుమూకే యాళ్లకు తెచ్చి వాకిట్ల దించి పోయిండు. లుంగీ నిండ నెత్తురు. నా తమ్ముడు గోడ పట్టుకొని నిలబడి ఏమడిగిండో వినుండ్రి: "అక్కా, నల్లమేకను కొట్టినందుకా?" తప్పు చేస్తె శిక్ష ఏసిన్రనుకున్నడు అయ్యా వాడు. కుట్లు చీము పట్టి ఇరవై దినములు మంచాన పడెను. ఇప్పుడు జీపు చప్పుడైతె మంచం కిందికి దూరుతడు. లోకంల వానికున్న సంబురం గదొక్కటే ఉండె. గది గూడ గుంజుకున్నరు. థూ, వాండ్ల కేసులు మండిపోను. (థూ అని అర్జీలో రాయరాదంటుండు సారు. రాయిపిచ్చిన.)

4. ఇది ఇట్లుండగా, మతిలేనివారికి ఇచ్చు పింఛను కొరకు పెట్టిన దరఖాస్తు వాపసు వచ్చినది. కారణమేమనగా, ఆనాటి ఆపరేషన్ల క్యాంపు రిజిస్టరు ప్రకారం సదరు దుబ్బయ్యకు భార్యాపిల్లలు గలరు, కావున దిక్కులేనివాడు కాడు. గుమస్తా నా ముంగట్నే చదివిండు. నాలుగు పేర్లు నాలుగు మేకుల లెక్క నా చెవుల దిగినయి. భార్య అమృతమ్మ. పిల్లలు దామోదర్, స్వరాజ్యలక్ష్మి, సిద్ధయ్య. ఏంది సారూ, ఆగినవు? సిరా అయిపోయిందా? రాయి.

5. ఊరోళ్లు నవ్వులాటకు "నీకు ముగ్గురు పిల్లలటగదరా" అన్నరు. వాడు నమ్మిండు! పేర్లు గూడ నేర్చుకున్నడు. చాయ్‌ల ఏసుకునే బెల్లం ముక్కను మూడు తునకలు చేసి అంగీ జేబుల దాస్తడు. చీమలు పడ్తయి, నేను పారేస్తె ఏడుస్తడు. బస్సు వచ్చినప్పుడల్ల ఉరికిపోయి "మా దామోదర్ దిగిండా" అని కండక్టరును అడుగుతడు. కోసింది ఒక్కనాడు అయ్యా. గిది రోజు కోస్తున్నది.

6. నేను పోయి అడిగితె ఉప్పలయ్య ఏమన్నడంటే, "కాగితం ఉన్నది, మీవోని ఏలిముద్ర ఉన్నది, నీ దగ్గెర ఏమున్నది?" అన్నడు. అజీజున్నీసా సాక్ష్యం చెప్తనంటే, నోటిమాట చెల్లదు, రాత కావాలె అన్నరు కచేరోళ్లు. రాత మా దగ్గెర ఎక్కడిది? అయినా, బిస్కెటు పుడ ఇస్తె ఏ కాగితం మీదనన్న ఏలు పెడ్తడు వాడు. గదొక ముద్రనా? సిగ్గుండాలె.

కావున తమరు రెండిట్ల ఒకటి చెయ్యాలె. రిజిస్టరు నిజమైతె, గా పెండ్లాన్ని, ముగ్గురు పిల్లలను మా ఇంటికి పంపుండ్రి, వండి పెట్టుకుంట. అబద్ధమైతె, అబద్ధమని సర్కారు కాగితం మీదనే రాసి, రాయించినోన్ని శిక్షించుండ్రి. వానిసొంటోళ్లు ఊరికొక్కరుంటరు. ఇంటోళ్లు పక్కన లేకుండ వాండ్లను ఎవ్వడూ జీపు ఎక్కియ్యొద్దని హుకుం ఇయ్యుండ్రి.

ఇది తమరు చిత్తగించవలెను. చిత్తగించేదాక తమ కచేరి మెట్ల మీదనే చాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంట కూసుంట.

'తమ విధేయురాలు' అని రాయాల్నట. నేనెందుకైత? దుబ్బయ్య అక్కనని రాయి.

దుబ్బయ్య అక్క,
మల్లమ్మ (వేలిముద్ర)

తా.క.: అయ్యా, ఈ ముక్క అర్జీదారుది కాదు, రాసినవాడనైన వెంకటనర్సయ్యది. సదరు క్యాంపునాడు ఫారాలు నింపుటకు నన్ను పిలిపించిరి. వరుసలో నలుబది మంది ఉండిరి. ఉప్పలయ్య ఒక మనిషిని చెయ్యి పట్టుకొని తెచ్చి, "పెండ్లాం పిల్లల పేర్లు ఏవో ఒకటి రాయి, జల్ది" అన్నాడు. ఆ మనిషి నా పెన్ను దిక్కు చూసి నవ్వుతుండె. నేను తల ఎత్తి ఒక్క మాట అడగలేదు. నోటికొచ్చిన పేర్లు రాసినాను. అమృతమ్మ నా భార్య. దామోదర్, స్వరాజ్యలక్ష్మి, సిద్ధయ్య నా పిల్లలు. కావలసినచో బడి రిజిస్టరు చూడవచ్చును. మల్లమ్మ ఆ నాలుగు పేర్లు చెప్పేదాక నాకు ఎరుక పడలేదు. రాత కావాలన్నారు గనుక, ఇదే రాత. నన్ను సాక్షిగా పిలిచినా, ముద్దాయిగా పిలిచినా వస్తాను.

ఇది మల్లమ్మకు చదివి వినిపించిన. సిరాబుడ్డి నా మీదికి ఇసిరికొట్టింది. కాగితం మీది మరక అదే, మన్నించగలరు. తర్వాత అన్నది: "రాసుడు కాదు. రేపు పొద్దుగాల బస్సుకు రా. మా తమ్ముడు గాడనే నిలబడ్తడు. నువ్వే చెప్పు వానికి, నీకు పిల్లలు లేరురా అని. నాతోని అయితలేదు."

రేపు పోతున్న అయ్యా. ఇరవై రెండేండ్ల సంది మందికి మాటలు రాసిస్తున్న. గా మాట ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు.

వెంకటనర్సయ్య