తడవని నుదురు

పూజ్యులైన అత్తయ్యగారికి,

ప్రభువు పేరట మీ కోడలి వందనాలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అక్కడ మీరు, వదిన, ఇంకా పేరు కుదరని ఆ బుల్లి మనవరాలు చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీ అబ్బాయి వేళకు తింటున్నారు. దగ్గు తగ్గింది, గురక తగ్గలేదు. మీ కుర్చీ కిటికీ దగ్గరే ఉంది, ప్రస్తుతం అందులో ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు కూర్చుంటున్నాయి. మీరు కుట్టి పంపిన తెల్ల గౌను నాకు సరిపోయింది. నడుం దగ్గర కాస్త వదులు ఉంచారు, కోడలి సంగతి ముందే కనిపెట్టినట్టున్నారు.

డ్రైవింగ్ స్కూల్లో పని ఎప్పటిలాగే ఉంది. ఈమధ్య ఒక నర్సమ్మ నేర్చుకోవడానికి వస్తోంది, నాకన్నా పెద్దావిడ. నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందని మీకు తెలుసుగా. మలుపు కనబడితే చాలు, నా కాలు దాని మీదికి పోతుంది. మొన్న వంతెన మొదట్లో కారు ఆగిపోతే ఆవిడ నావైపు తిరిగింది.

"ఇప్పుడు బ్రేకు ఎవరు తొక్కారండీ?"

"నేనే. ముందు లారీ ఉంది కదా."

"నేనూ చూశాను, తొక్కబోతున్నాను. మీరిలా తొక్కేస్తూ ఉంటే నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్న చుట్టాన్నే గానీ డ్రైవర్ని ఎప్పుడవుతాను?"

నవ్వేశాను గానీ ఆ మాట నాతోపాటే ఇంటికి వచ్చింది. ఎందుకో చెబుతాను.

మీ అసలు ప్రశ్నను ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. "నీళ్ళలోంచి లేచినప్పుడు ఎలా అనిపించిందమ్మా? రాసి పంపు, ఇక్కడి ప్రార్థన కూటంలో చదువుతాను" అన్నారు. ఇక్కడ పాస్టరుగారు కూడా నెలాఖరు ఆదివారం సంఘం ముందు నా అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పమన్నారు.

అత్తయ్యా, నేను పూర్తిగా మునగలేదు.

బాప్తిస్మం ఇష్టపడే తీసుకున్నాను. ఒట్టు పెట్టకూడదు గానీ, పెట్టాననే అనుకోండి. ఇన్నేళ్ళలో మీరు నన్ను ఒక్కసారి కూడా బలవంతపెట్టలేదు. నేను చూసుకోకపోతే ఏదీ జరగదనే ఈ గుణంతో నాకే విసుగెత్తింది. ఆ పాత మనిషిని నీళ్ళలో వదిలేసి రావాలనుకున్నాను. పాస్టరుగారు నా వీపు కింద చెయ్యి పెట్టి, "ఒళ్ళు వదిలేయమ్మా, నేను పట్టుకున్నాను" అన్నారు. వెనక్కి వాలుతుండగా నా కుడికాలు బాప్తిస్మపు తొట్టి అడుగును గట్టిగా తొక్కింది. నేను తొక్కలేదు, కాలే తొక్కింది. మెడ బిగుసుకుంది. చెవులు మునిగాయి, గడ్డం మునిగింది, అంతలో ఆయన లేపకముందే నేనే లేచాను. నీళ్ళు చిందడంతో ఎవరికీ తెలియలేదు. అందరూ పాట ఎత్తుకున్నారు. బట్టలు మార్చుకునే గదిలో తడిమి చూసుకుంటే, నుదుటిమీద చిందిన చుక్కలు తప్ప తడి లేదు.

బయటికి వస్తే మీ అబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ, "నీ ముఖం ఎలా వెలిగిపోతోందో" అన్నారు. నవ్వాను.

అప్పటినుంచి నాకేదీ అంతుపట్టడం లేదు. నిండా మునిగి లేస్తేనే కొత్త పుట్టుక అంటారు కదా, మరి నేను తిరిగి పుట్టినట్టా, పుట్టనట్టా? గడ్డందాకా కొత్తదాన్నీ, ఆపైన పాతదాన్నీనా? మళ్ళీ ముంచమని అడిగితే మళ్ళీ కాలు తొక్కదని నమ్మకమేమిటి? పోనీ ఊరుకుందామంటే, అబద్ధం మీద నిలబడి సాక్ష్యం చెప్పేదెలా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నిన్న అదే వంతెన ఎక్కేటప్పుడు నా కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుని సీటుకు ఆనించి పెట్టుకున్నాను. సగంలో ఇంజను ఆగి కారు వెనక్కి జారింది. "ప్రభువా, నావల్ల కాదు" అనేశాను, పైకే. నర్సమ్మ బ్రేకు తొక్కింది, మళ్ళీ కదిలించి వంతెన దాటించింది. తనను తాను దేవుడికి అప్పగించుకుంటే శాంతి కలుగుతుందని పాస్టరుగారు అన్నారు, నాకు పట్టింది చెమటే. అయినా ఇన్నాళ్ళ నా ప్రార్థనల్లో మనస్ఫూర్తిగా అన్నది ఆ ఒక్క ముక్కేనేమో అనిపిస్తోంది. అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు.

ఆదివారం నాడు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మీ అబ్బాయికి ఇవాళే చెబుతాను. నావల్ల మీకు నలుగురిలో చిన్నతనమవుతుందేమోనని భయంగా ఉంది. ఈ ఉత్తరం కూటంలో చదవాలో వద్దో మీ ఇష్టం.

ఒక్కదానికి మాత్రం ఆలోగా జవాబు రాయండి. స్నానం చేయిస్తుంటే పాప గుప్పిళ్ళు బిగించి, ఒళ్ళంతా కర్రలా చేసుకుని ఏడుస్తోందని పోయిన ఉత్తరంలో రాశారు. అలా బిగుసుకుంటోంది కాబట్టి ఆ పిల్ల ఇంకా పుట్టనే లేదని మీరెప్పుడైనా అనుకున్నారా?

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే
మీ కోడలు