ముఖ్య అతిథి చేతుల మీదుగా

12 ఏప్రిల్ 1987, సన్నీవేల్

గెలిచాం.

ఫిజీలోని లటోకా నుంచి మా చెల్లెలు జయంతి ఫోన్ చేసింది. తను పగలు స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రాలు చెప్పులరిగేలా తిరిగి ఓట్లడిగిన పార్టీ గెలిచిందట. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ ఫిజీలో ఒకాయనే ప్రధాని. ఇన్నేళ్ళకి దిగాడు. కొత్త ప్రధాని ఫిజీ మూలవాసే, మంత్రుల్లో సగం తాతల కాలంలో ఇండియా నుంచి వచ్చిన మనవాళ్ళు. రెండు జాతులం కలిసి గెలిచామన్నయ్యా అంది.

నాకు మాత్రం డెబ్భై ఏడు గుర్తొచ్చింది. అప్పుడూ మనవాళ్ళు గెలిచారు. ప్రధాని ఎవరవ్వాలో తేలక నాలుగు రోజులు కొట్టుకున్నారు. ఈలోగా గవర్నర్ జనరల్ ఓడినాయన్నే పిలిచి కుర్చీ ఇచ్చాడు. రెండేళ్ళకి నేను మా ఆవిడ మీనా నర్సు ఉద్యోగం కొంగు పట్టుకుని అమెరికా వచ్చి పడ్డాను. జయంతి రాలేదు. ఇద్దరం పారిపోతే ఎలా అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

13 మే, సాయంత్రం

అక్కడ అప్పుడే పధ్నాలుగు. ఇండియా నుంచి మొదటి కూలీల ఓడ ఫిజీ చేరింది మే పధ్నాలుగునే, 1879లో. మా స్కూల్లో ఏటా వ్యాసం రాయించేవారు.

ఈసారి వ్యాసం సైనికులు రాశారు. ముసుగులేసుకుని పార్లమెంట్‌లోకి వచ్చి, ప్రధానినీ మంత్రులనీ లారీ ఎక్కించుకుపోయారట. ప్రభుత్వానికి నెల వయసు. ఫోన్ లైన్ దొరకడం లేదు.

14 మే

లంచ్ రూమ్‌లో ఫిజీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఒకడికి తెలుసు. ఇప్పుడు హోటళ్ళు చీప్‌గా దొరుకుతాయా అని అడిగాడు.

26 సెప్టెంబర్

మళ్ళీ. రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం నడుపుదామని ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నాయని, మేలో సైన్యాన్ని నడిపినవాడికే కోపమొచ్చి మళ్ళీ అధికారం లాక్కున్నాడు.

30 సెప్టెంబర్

జయంతిని స్కూల్లోంచే జీప్ ఎక్కించుకుపోయారు. పక్కింటావిడ చెప్పింది.

7 అక్టోబర్

వదిలేశారు. ఉద్యోగం తీసేశారు. స్కూలుకి తాళం పడింది. ఏడవలేదు అంది. చిన్నప్పటి నుంచీ అంతే, మా ఇంట్లో ఏడుపు డిపార్ట్‌మెంట్ నాది. దేశం ఇప్పుడు రిపబ్లిక్ అట. టీవీలో వాతావరణం ముందు అర నిమిషం చూపించారు.

ఎనభై అయిదులో నువ్వు మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పటి వీసా ఇంకా పనిచేస్తుంది, వచ్చెయ్ అన్నాను. మొదటిసారి కాదనలేదు.

16 అక్టోబర్

జయంతి వచ్చి నాలుగు రోజులైంది. చిక్కిపోయింది. ఏం చేశారని మీనా అడిగితే, గోడకి ఎదురుగా నిలబెట్టారని మాత్రం చెప్పింది. ఎంతసేపో చెప్పలేదు. మీనా రెట్టించలేదు.

ఇవాళ లాయర్ దగ్గరికి తీసుకెళ్ళాను. నేను సిటిజన్ అయినా చెల్లెలికి గ్రీన్‌కార్డ్ రావాలంటే ఏళ్ళు పడుతుందట. ఉన్న దారి అసైలమ్, అంటే ఈ దేశాన్ని శరణు కోరడం. స్వదేశం అంటే నాకు భయం అని ప్రమాణం చేయాలి. జయంతి లాయర్‌తో ఇంగ్లిష్‌లో, నెమ్మదిగా, భయం లేదు, కోపం ఉంది అని చెప్పింది. కోపానికి అసైలమ్ ఇవ్వరమ్మా అన్నాడాయన. కారులో నేను తిట్టాను. భయమని చెప్తే నీ సొమ్మేం పోయింది అన్నాను. ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

లాయర్ ఇంకో మాట చెప్పాడు. జరిగింది ఏదైనా పెద్ద సభలో చెప్పించండి, ఫొటోలు తీయించండి, కేసుకి బలం అన్నాడు.

18 అక్టోబర్

డాక్టర్ యోగానంద్ ఇంటికెళ్ళాను. తెలుగు సంఘం ప్రెసిడెంట్. మంచివాడే. ఎనిమిదేళ్ళుగా కనపడ్డప్పుడల్లా నా తెలుగు బాగుందని మెచ్చుకుంటాడు. పుట్టిన దగ్గర నుంచీ మాట్లాడుతున్నది తెలుగే. ఎప్పటికి చెడుతుందనుకున్నాడో. మొదటిసారి కలిసినప్పుడు ఇంటిపేరు అడిగాడు. అప్పన్న అన్నాను. ఓడెక్కినప్పుడు కాగితాల మీద తాత పేరొక్కటే ఉంది, అదే మాకు ఇంటిపేరయింది. అది పేరు కదా, ఇంటిపేరు చెప్పండి అన్నాడు. ఇప్పటికీ లోపల నన్నెక్కడ పెట్టాలో తెలీక ఇబ్బంది పడతాడు.

దీపావళి ఫంక్షన్‌లో జయంతికి అయిదు నిమిషాలు ఇవ్వమని బతిమాలాను. వెంటనే ఒప్పుకున్నాడు. ఉత్తిగా మాట్లాడించడం ఏం బాగుంటుంది, శాలువా కప్పి సన్మానం చేద్దాం అన్నాడు. దండం పెట్టి వచ్చాను.

24 అక్టోబర్, శనివారం

హైస్కూల్ ఆడిటోరియం. మూడొందల మంది. పట్టుచీరలు, పులిహోర వాసన.

సన్మానం ముఖ్య అతిథి చేతుల మీదుగా అని మైక్‌లో చెప్పారు. ముఖ్య అతిథి ఎవరో మాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తెర పక్క నుంచి కృష్ణమోహన్ వచ్చాడు. ఫిజీ రాజధాని సువాలో బట్టల షాపులున్న కృష్ణమోహన్. మా స్కూల్లోనే ఓనమాలు దిద్దిన తెలుగువాడు. సెప్టెంబర్ దాకా జయంతి పార్టీకి చందాలిచ్చి, ఇప్పుడు మిలిటరీ వాళ్ళకి సలహాదారుగా చేరినవాడు.

జయంతి వేదిక మధ్యలో తలొంచుకుని నిలబడి ఉంది. వెనక నుంచి శాలువా భుజాల మీద పడింది. శాలువా పడగానే ఎవరైనా ఏం చేస్తారు? తిరిగి నమస్కారం పెట్టింది. పెట్టాక మొహం చూసింది. ఫ్లాష్ ఈలోపే వెలిగింది.

తర్వాత మైక్ పట్టుకుని చెప్పాల్సిందంతా చెప్పింది. జీప్, గోడ, స్కూలు తాళం. ఆయన వైపు తిరిగి తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగింది. కృష్ణమోహన్ పెద్దమనిషిలా నవ్వాడు. అంతలో యోగానంద్ వచ్చి మైక్ మెల్లగా తీసుకుని, పాలిటిక్స్ వద్దమ్మా, పిల్లల కూచిపూడి లేట్ అవుతోంది అన్నాడు. ఫొటోలు తీసేవాడు అప్పటికే భోజనాల లైన్లో ఉన్నాడు.

25 అక్టోబర్

యోగానంద్‌కి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. ఓపిగ్గా విన్నాడు. ఇండియా నుంచి రావాల్సిన నటుడు ఆఖరి నిమిషంలో రాలేదట. కృష్ణమోహన్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నాడని ఎవరో చెప్పారట. మీ ఊరివాడే కదా, చెల్లాయి సంతోషిస్తుందనుకున్నానండీ అన్నాడు. నిజంగానే అనుకున్నాడు. అదే నాకు భరించరానిది. ద్రోహం చేసుంటే తిట్టడానికైనా వీలుండేది.

ఫొటో కాపీలు ఎన్ని కావాలని అడిగాడు.

21 నవంబర్

లటోకా నుంచి పేపర్ కటింగ్ వచ్చింది. శాలువా కప్పుకున్న జయంతి, కృష్ణమోహన్‌కి చేతులు జోడించి. అమెరికాలోని భారతీయులు కొత్త ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలిపారని కింద రాశారు. కటింగ్‌తో ఉత్తరం లేదు. కవర్ మీద చేతిరాత జయంతితో ఇల్లిల్లూ తిరిగిన టీచర్ రాధారాణిది.

జయంతి ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టగానే అటు రాధారాణి పెట్టేసింది.

24 నవంబర్

లాయర్ ఫొటో చూసి కళ్ళజోడు తీశాడు. ఆ ప్రభుత్వం మనిషే సన్మానం చేస్తే ఈమెకి ఆ ప్రభుత్వమంటే భయమని ఎవరు నమ్ముతారు అన్నాడు. కష్టపడదాం, వాదించొచ్చు అని కూడా అన్నాడు. జయంతి థాంక్స్ చెప్పి లేచింది.

29 నవంబర్

వెళ్ళిపోతానంటోంది. ఇక్కడుంటే ఆ ఫొటో నిజమైపోతుంది అంటోంది. అక్కడికెళ్ళి గడపగడపకీ తిరిగి చెప్పుకుంటుందట. అక్కడ ప్రార్థన రోజని ఆదివారం బస్సు కూడా నడవనివ్వట్లేదు, మీటింగ్ పెడితే జైలు, ఎవరికి చెప్తావు అన్నాను. రాధారాణికి అంది. ఆ ఒక్కదానికీ చెప్తే చాలట.

అరిచాను. బతిమాలాను. ఏడ్చాను కూడా. భయం లేదని ప్రగల్భాలు పలుకుతున్నావు అన్నాను. ఇప్పుడుంది అంది. వాళ్ళంటే కాదు, రాధారాణి తలుపు తియ్యదేమోనని.

13 డిసెంబర్

శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చాం. శాలువా మా ఇంట్లోనే వదిలేసింది. మీనా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక మూడు బీరువాలు తెరిచి, చివరికి కారు డిక్కీలో పడేసింది.

16 డిసెంబర్

చేరిందట.

నాందీ ఎయిర్‌పోర్ట్‌లో తుపాకీ పట్టుకున్న సైనికుడు పాస్‌పోర్ట్ చూశాడు, మొహం చూశాడు. పేపర్లో చూశాను మేడమ్ అని సెల్యూట్ కొట్టి, పెట్టెలు తనే మోసుకొచ్చాడట. వస్తున్నానని జయంతి రాసిన ఉత్తరం అంది, బయట రాధారాణి నిలబడి ఉందట. అంతా చూసిందట.

జయంతి ఏడుస్తోంది. ఇంత బిల్లు అవుతున్నా ఫోన్ పెట్టెయ్యలేకపోయాను.