అమ్మ బుగ్గల మీద పెన్సిల్

అమీర్‌పేట, 9-8-2001

అక్కా, ఇక్కడ అందరం కులాసా. పాత సామాను కొన్నానని తిట్టకు.

పంజాగుట్టలో అజీమ్ భాయ్ స్టూడియో అంతా కంప్యూటర్లు పెట్టేసి, ఫోటోలు పెద్దవి చేసే తన పాత ఎన్‌లార్జర్ నాకు చవగ్గా ఇచ్చేశాడు. అరచేతంత నెగెటివ్‌లు కూడా అందులో పడతాయి. అద్దాలకి బూజు లేదని చూసుకునే తెచ్చాను. "ముసురు పట్టినప్పుడు రోజు జర సేపు లైటు ఏసి పెట్టు భాయ్, వేడికి బూజు రాదు" అన్నాడు.

ముందుగా నువ్వు పంపిన అమ్మ నెగెటివే వేశాను. దీని వెలుతురు నిక్కచ్చిది, ఏదీ దాచదు. ఆనాటి స్టూడియోవాళ్లు నెగెటివ్‌లోనే బుగ్గల మీద దిద్దిన పెన్సిల్ గీతలన్నీ ప్రింటులో తెల్లగా తేలాయి. వాటి కింద అమ్మ మశూచి మచ్చలున్నాయి. టర్పెంటైన్ దూదితో తుడిస్తే పెన్సిల్ పోతుంది, మళ్లీ రాదు.

బావగారి మోకాలెలా ఉంది? వచ్చేవాళ్లతో కాస్త కందిపొడి పంపు.

తుడవనా, వద్దా? వెంటనే రాయి. నీ పిల్లలకి గోడమీది ఫోటోలో నున్నటి బుగ్గలే అమ్మమ్మ. చిన్నప్పుడు నిద్ర పట్టేదాకా నేను వేలితో తడిమింది మాత్రం ఆ గుంటల్నే.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు
భాస్కరం