తువ్వాలు కింద పోయిన కోడె

రాజమ్మా,

నువ్వు గుడి నుంచి వచ్చేదాకా ఆగితే రైలు తప్పుతుంది. వినుకొండలో దిగి నూజెండ్ల పోతున్నాను. చద్దన్నం తిన్నాను. పెద్దవాడు దుకాణం తాళాలకు వస్తే ఇవ్వు. నేను ఎక్కడికి పోయిందీ వాడికి చెప్పవద్దు, నవ్వుతాడు.

మన కోడె సంసోను కోసం పోతున్నాను. పశువుల వ్యాపారం మానుకుని సరదాకు పెంచుకున్న దాన్ని మళ్లీ సరుకు చేశాను. మొన్న సంతకు నలుగురికీ చూపించి మురిసిపోదామని తోలుకుపోయానే గాని అమ్మాలని కాదు. నూజెండ్ల తిరుపతయ్య బేరానికని తువ్వాలు కప్పి దాని కింద నా చేయి పట్టుకున్నాడు. వాడు వేళ్లతో ధర చెబుతుంటే, నా వేళ్లు పాత అలవాటున ఇంకా పెంచమన్నాయి. వాడు పెంచాడు. ఆపైన కాదంటే మాట పోతుందని ఒప్పుకున్నాను.

"ఏందయ్యా, ఈ వయసులో కోడె సోకు? ఇంట్లో ఉలవలన్నీ దానికే పోస్తివి" అని రోజూ తిట్టేదానివి గదా, డబ్బు చూసి సంతోషిస్తావనుకున్నాను. నిన్న సాయంత్రం నువ్వు ఖాళీ కొట్టంలో నిలబడి కొంగుతో ముఖం తుడుచుకోవడం చూశాను.

తువ్వాలు తీసిన తర్వాత బేరం వెనక్కి తిప్పమనడం వ్యాపారికి సిగ్గుమాలిన పని. అయినా అడుగుతాను. నష్టానికైనా అడుగుతాను.

బాలశౌరి

మరిచాను. వాడు ఇవ్వనంటే ఒకసారి దాని మెడ నిమిరి వస్తాను. నేను ఒంటరిగా వస్తే ఏమీ అడగకుండా అన్నం పెట్టు.