ఖాళీ ఓడలో ఉన్నది

జూన్ 3. పొద్దున్న ముసురు. కొలత టేపు తుడిచి ఆరబెట్టాను.

బావగారికి నమస్కారాలు.

నిన్నటి ఓడ లెక్క జతచేశాను. ఎనభై లక్షల లీటర్ల పెట్రోలు ఎక్కించాం. ఖాళీ ఓడ అంటాం గానీ దాని కడుపునిండా ఆవిరే. ఇన్నాళ్ళూ పెట్రోలు పెరిగేకొద్దీ అది పైకి తోసుకొచ్చేది. రేవు మీద గాలి వణికేది. నిన్న మొదటిసారి ఆ ఆవిరిని రెండో గొట్టంలోంచి ఒడ్డుకు లాగి చల్లబరిచారు. యంత్రానికి అరచేతంత అద్దం ఉంది. అందులో పెట్రోలు చుక్కలు పడ్డాయి. ఇరవై రెండేళ్ళుగా కొలుస్తున్నాను, కనపడనిది రాలడం ఎప్పుడూ చూడలేదు. రెండువేల మూడువందల లీటర్లు! ఫారంలో వేరే గడి లేక "నష్టం" గడిలోనే "తిరిగి వచ్చింది" అని రాశాను.

ఇట్లు,
మీ బావమరిది, రేవు కొలతగాడు

తా.క. ఇంత పొడుగు ఉత్తరం చూసి అక్క కంగారుపడుతుంది. ఒంట్లో బాగానే ఉందని చెప్పండి.

జూన్ 9

రేవు కొలత ఉద్యోగికి,

మీ లెక్క అందినది. ఓడ సరుకు తీసుకుపోవడానికి వస్తుంది, ఇచ్చిపోవడానికి కాదు. యంత్రం సంగతి ఇంజనీర్లది, ఫారం సంగతి మాది. నష్టం గడిలో నష్టమే రాయవలెను. తగినంత నష్టం చూపకపోవడానికి కారణం తెలపగలరు.

ఇట్లు,
హెడ్ క్లర్కు, ప్రధాన కార్యాలయం

తా.క. ఒరేయ్, ఆ ఫారం నేను గీసింది. ఇంతవరకు దాన్ని కాదన్నవాడు లేడు. నీకు ఎండదెబ్బ తగిలిందని మీ అక్క ఏడుస్తోంది.

జూన్ 14. ఈదురుగాలి. ఎగిరిపోయిన టోపీ వెతికి తెచ్చుకున్నాను.

బావగారికి నమస్కారాలు.

ఇంకో ఓడ వచ్చింది. రెండువేల నాలుగువందల పది లీటర్లు తిరిగి వచ్చాయి. మూడుసార్లు కొలిచాను. నష్టం చూపకపోవడానికి కారణం: నష్టపోలేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఆ రోజు ఎండ లేదు. ముసురే.

జూన్ 20

రేవు కొలత ఉద్యోగికి,

ఇప్పుడు నష్టం లేదంటే, ఇన్నేళ్ళుగా మీరు రాసిన నష్టం ఏమైనట్టు? ఆ పెట్రోలు తీసుకెళ్ళినవారి పేరు, చిరునామా తెలపగలరు. విచారణ జరుగును. జవాబు తృప్తిగా లేనిచో టేపు అప్పగించి, గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకోవలెను. ప్రతి జవాబూ రాతలోనే ఉండవలెను.

ఇట్లు,
హెడ్ క్లర్కు

తా.క. విచారణాధికారిని నేనే. మనం చుట్టాలమని ఇక్కడ ఎవరికీ తెలీదు, నోరు జారకు. మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. కూరలో ఉప్పే మాట్లాడుతోంది.

జూన్ 24. మబ్బు. నిచ్చెన మెట్టు బిగించాను.

బావగారికి నమస్కారాలు.

ఎవరూ తీసుకెళ్ళలేదు. అంతకంటే రాయడం నాకు చేతకాదు. గేటు పని చెడ్డదని కాదు. ఆ చుక్కలు పడేటప్పుడు నేను అక్కడ లేకపోతే నాకు ఊపిరాడదు. మీరు వచ్చి ఒక్క ఓడ చూడండి, తర్వాత ఏం చెప్పినా చేస్తాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఓడను మీరెప్పుడైనా చూశారా, బావగారూ?

జూలై 2. ఆకాశం తేటగా ఉంది. యంత్రం అద్దం తుడిచాను.

విచారణాధికారిగారికి,

అన్నీ రాతలోనే అన్నారు గనుక, విచారణకు రేవుకొచ్చి పది అడుగుల దూరంలో ఉన్న మీకు ఈ ఉత్తరం. ఓడ రేవులోకి వస్తుంటే "ఒరేయ్, ఆ మేడ కదులుతోందేంట్రా?" అన్నారు. అది ఓడ. తర్వాత అద్దం దగ్గర నిలబడ్డారు. పదిహేడు ప్రశ్నల కాగితం మీ గుప్పిట్లో నలిగిపోయింది. చుక్కలు ధార కట్టినప్పుడు ఒక్కటే అడిగారు: "ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడికి పోయిందిరా?"

నేను పైకి చూపించాను. మీరు చాలాసేపు తల దించలేదు.

ఫోర్‌మన్ వచ్చి "ఎవరండీ మీరు?" అంటే, "వీడు మా బావమరిదయ్యా! ఏం కొలుస్తున్నాడో చూశావా?" అని రేవంతా వినేలా అరిచారు. నోరు జారింది నేను కాదని మనవి.

నన్ను గేటుకు మార్చే ఉత్తర్వు జేబులోంచి తీసి, నా స్కేలు అడిగి, ఆ కాగితం వెనకాలే కొత్త ఫారం గీశారు. "తిరిగి వచ్చినది" గడి అన్నిటికంటే వెడల్పు. "రేపటినుంచి ఇది నువ్వే నింపాలి" అన్నారు.

ఓడ నిండింది. ఎంత నిండిందో కొలవడానికి ఓడ తొట్టిలో టేపు దించాలి. "ఒక్కసారి నన్ను దించనీరా" అంటూ మీరే పట్టుకున్నారు. మెల్లగా దించండి, బావగారూ. ఇవాళ్టి కొలత మీరు చదవండి, నేను రాసుకుంటాను.